చెనిక్కాయల స్కార్ఫు

నేను అల్లిన స్కార్ఫు కొట్టువాళ్ళకు నచ్చితే నేను ఇంటిపట్టున ఉండి బిడ్డను చూసుకోవచ్చు. నచ్చకపోతే బిడ్డను అత్త దగ్గర వదిలి, మొగుడి వెంట బెంగుళూరు పోయి సిమెంటు కలపాలి. రెండువేల రెండులో, వరసగా వానలు ఎగ్గొట్టిన ఆ కాలంలో, నాకు మిగిలినవి ఆ రెండు దారులే.

మాది బెళుగుప్ప నుంచి బస్సెక్కి, దిగి, మళ్ళీ చాలా దూరం నడవాల్సిన ఊరు. కురుబవాళ్ళం. మా మామ లింగప్ప బతికున్నప్పుడు ఇంట్లో గొర్రెల మంద, గొంగళ్ళు నేసే మగ్గం ఉండేవట. నేను కాపురానికి వచ్చేసరికి మామ లేడు, మగ్గమూ లేదు, మంద మాత్రం ఉంది. నా కూతురు చౌడేశ్వరి పుట్టిన యేడు మేత లేక ఆ మంద కూడా సంతకు పోయింది. నా మొగుడు తిప్పేష్ ఉన్న చేలో చెనిక్కాయ, అంటే వేరుశెనగ, వేశాడు. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే పొద్దుకు వాన రాలేదు. మరుసటి యేడూ అంతే.

అప్పుడు ముగ్గురమూ తాడిపత్రి పోయాము. రాళ్ళు కోసి పాలిషు పట్టే చోట ఆయనకు పని, పక్కనే రేకుల కొట్టంలో కాపురం. తెల్లటి దుమ్ము అన్నంలో, నీళ్ళలో, పిల్ల కనురెప్పల మీద కూడా పేరుకునేది. కొన్నాళ్ళకే చౌడికి ఆయాసం పట్టుకుంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి పీక్కుపోయేది, గొంతులో పిల్లి గురక పెట్టినట్టు చప్పుడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఈ బిడ్డను ఇంక దుమ్ములోకి తేవద్దు, రాతి దుమ్మయినా సిమెంటు దుమ్మయినా ఒకటే. ఎగపోత వచ్చిందంటే వెంటనే మందు పట్టాలి, తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. ముగ్గురమూ ఊరికి తిరిగొచ్చేశాం.

అది మొదలు పిల్ల ఊపిరి మీద ఒక చెవి పెట్టకుండా నేను ఏ పనీ చేయలేదు. రొట్టె తడుతున్నా, బట్టలు ఉతుకుతున్నా ఒక చెవి అటే. బాగానే నిద్రపోతున్న పిల్లను కూడా ఊపిరి వినపడలేదని కదిపి లేపేదాన్ని. అందరూ నన్ను తిట్టేవాళ్ళు.

బెంగుళూరు మేస్త్రీ కుళ్లాయప్ప జోడీలనే తీసుకుపోతాడు. మొగుడు మోయాలి, పెళ్ళాం కలపాలి. ఒంటి మనిషిని లారీ ఎక్కనీయడు. తిప్పేష్ ఒక్కడే పోవాలంటే మళ్ళీ తాడిపత్రే దిక్కు, ఆ కూలి ఆయనకూ మాకూ చాలదు. నాకు ఇంటి దగ్గర ఏదో ఒక పని దొరికితే గట్టెక్కుతాం. అల్లిక పని కుదిరితే కుళ్లాయప్పకు రానని చెప్పేస్తానని తిప్పేష్ మాటిచ్చాడు. కుదరకపోతే మాత్రం ఏడవకూడదని నా దగ్గర మాట తీసుకున్నాడు.

అల్లిక నేర్చుకున్నది బెళుగుప్పలో ఒక సంస్థ వాళ్ళు పెట్టిన కుట్టు కేంద్రంలో. ఎనిమిదో తరగతి మధ్యలో మా నాయన నన్ను బడి మాన్పించాడు. మళ్ళీ నేను ఒకరి ముందు కూర్చుని నేర్చుకున్నది అక్కడే. నేర్పే ఇంద్రాణి మేడమ్ ఆ చుట్టుపక్కల పెద్ద రైతుల ఇంటి బిడ్డ, బెంగుళూరులో కొన్నేళ్ళు ఉండి వచ్చింది. అందరూ కుట్టుమిషన్ల దగ్గర మూగితే, ఊలూ సూదులూ పట్టుకున్నవాళ్ళం కొందరమే. ఈ ఎండల్లో ఊలేమిటని మిగతావాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. చలిదేశాలకు సరుకు పంపే కొట్టొకటి బెంగుళూరులో ఉందని, వాళ్ళు వచ్చి మా పనితనం చూస్తారని, నచ్చినవాళ్ళకు ఊలు ఇంటికే పంపి అల్లించుకుంటారని మేడమ్ చెప్పింది. ఒక్కొక్కరం ఒక స్కార్ఫు చూపించాలి. దాంట్లో రెండు రంగుల పని ఉండాలి, జాలీ పనీ ఉండాలి.

రెండు రంగులంటే చేతిలో రెండు దారాలు ఆడుతుండాలి. ముందు ఒక రంగు అల్లుతున్నంతసేపూ రెండోది వెనకాల సాగుతూ వస్తుంది. దాన్ని బిగిస్తే గుడ్డ ముడుచుకుపోతుంది, మరీ వదిలేస్తే వేలాడి వేలికి తగులుకుంటుంది. జాలీది ఇంకో తంతు. దారాన్ని సూది మీదుగా ఒక చుట్టు ఊరికే తెస్తే అక్కడ తూటు పడుతుంది. పక్కనే సూది మీది రెండు కళ్ళు, అంటే ఉచ్చులు, కలిపి ఒకటిగా అల్లితే వెడల్పు సరిపోతుంది. పనిగట్టుకుని తూట్లు పెట్టడానికి మొదట్లో నాకు చేతులు రాలేదు. మా ఇళ్ళల్లో తూటు కనిపిస్తే కుట్టుకుంటాం గానీ పెట్టుకోం.

మేడమ్ గులాబీలూ ఆకులూ నేర్పింది. నేను చెనిక్కాయను చూసి అల్లాను. ఎండిన కాయ తోలు మీద సన్నటి గీతలు నిలువుగా అడ్డంగా అల్లుకుని, వాటి మధ్య గుంతలు పడి, అచ్చం జాలీ మాదిరే ఉంటుంది. స్కార్ఫంతా తెల్ల ఊలు. రెండు కొసల్లో ఎర్రమట్టి రంగు ఊలుతో కాయల వరస, జోడు గింజల కాయలు, నడుము దగ్గర సన్నబడి. కాయకూ కాయకూ నడుమ, దారం ముందుకు తెచ్చి వేసే తిరగ కుట్లతో ఉబ్బెత్తు గింజలు. మధ్యన పొడవునా జాలీ. తిప్పేష్ ఒకరోజు దాన్ని చేతుల్లోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, "చేన్లో ఊరకపోయినా నీ సూది మీదన్నా కాయ ఊరినాది," అన్నాడు. ఆ మాటకు చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

మా అత్త నల్లమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె చేతుల మీదుగా ఎన్ని గొంగళ్ళు పోయాయో ఆమెకే తెలియదు. ఉన్ని వడికింది, మామ నేసి దించిన గొంగళ్ళకు గంజి పట్టింది. ఇప్పుడు ఇంట్లో ఉన్ని లేదు, ఆమె చేతులకు పనీ లేదు. నేను అల్లుతుంటే ఎదురుగా కూర్చుని చూసేది. ఊలును వేళ్ళ మధ్య నలిపి, ఇది గొర్రెదేనా, దూది మాదిరి ఉందే అని అనుమానపడేది. పక్కింటి సిద్దమ్మ వచ్చినప్పుడల్లా ఒక పుల్లవిరుపు మాట అనేది.

"నల్లక్కా, నీ కోడలు జల్లెడ అల్లతాండాదే. పిండికా, రవ్వకా?"

సిద్దమ్మ పోయాక అత్త నన్ను అడిగింది, చలికి కప్పుకునేదానికి తూట్లు ఎందుకని. అందం కోసం అత్తా అని చెప్పి ఊరుకున్నాను. గొంగడి పని తెలిసిన ఇంటి కోడలు తూట్ల గుడ్డ అల్లుతోందన్న మాట ఆమెకు ఎంత గుచ్చుకుందో నాకు అప్పుడు తట్టలేదు. నా ధ్యాసంతా సూదుల మీద, పిల్ల ఊపిరి మీద.

శనివారానికి అల్లడం ముగిసింది. సోమవారం బెంగుళూరువాళ్ళు వస్తారు. గురువారం కుళ్లాయప్ప లారీ. సూది మీంచి దించిన జాలీ చూడటానికి బాగుండదు, వాడిన తోటకూర మాదిరి ముడుచుకుని ఉంటుంది. దాన్ని తడిపి, పిండకుండా గుడ్డలో పెట్టి అదిమి, నేల మీద నాలుగు పక్కలా లాగి, సూదులు గుచ్చి, కదలకుండా ఆరనివ్వాలి. ఆరాక సూదులు తీసేస్తే తూట్లు విచ్చుకుని అట్లాగే నిలబడతాయి. ఆదివారం పొద్దున్నే పెరటి వసారాలో గోనెపట్టా పరిచి ఆ పని చేశాను. అన్ని గుండుసూదులు లేక, అంచుల్లో తుమ్మముళ్ళు గుచ్చాను. లాగేకొద్దీ జాలీ విచ్చుకుంది. ఎర్రటి కాయలు నిటారుగా నిలబడ్డాయి. అది నా చేతి పనేనా అనిపించింది.

ఆ పక్కనే చౌడి ఆడుకుంటోంది. ఉన్నట్టుండి ఆట ఆపి, రెండు చేతులూ నేలకు ఆనించి కూర్చుంది. చూస్తే డొక్కలు ఎగరేస్తోంది. మందు పట్టాను. వాంతి చేసుకుంది. తిప్పేష్ ఊళ్ళో లేడు. పిల్లను భుజాన వేసుకుని బస్సు కోసం పరుగెత్తుతూ, గడప దగ్గర అత్తతో ఒక మాట అన్నాను.

"అత్తా, అది తడిగా ఉండాది. ఆరేదాకా దాన్ని చూసుకో."

"నువ్వు బిడ్డను చూసుకో మే. దాన్ని నేను చూసుకుంటా," అంది.

బెళుగుప్ప ఆసుపత్రిలో సూదిమందు వేసి, ఆవిరి పట్టారు. మధ్యాహ్నానికి పిల్ల ఊపిరి కుదుటపడి నిద్రపోయింది. బస్సులో వస్తూ, ఇంతసేపటికి స్కార్ఫు ఆరి ఉంటుంది, ముళ్ళు తీసి మడత పెట్టాలి అనుకుంటున్నాను.

ఇంట్లో అడుగుపెట్టగానే వాసన తగిలింది. చింతగింజలు ఉడికిన వాసన. వసారాలో అత్త మోకాళ్ళ మీద వంగి ఉంది. మోచేతుల దాకా గంజి. పక్కన మూకుడు, మామ కాలం నాటి కుంచె. నన్ను చూసి ముఖమంతా విప్పారేట్టు నవ్వింది. మందను సంతకు తోలిన తర్వాత ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు.

"సూడు మే, ఎంత గట్టిగా వచ్చినాదో. తూట్లన్నీ పూడ్చినా. ఇంక గాలి దూరదు, వాన పడినా లోపలికి దిగదు. ఆ సిద్దమ్మను రమ్మను, జల్లించమను పిండి."

గొంగడిని మగ్గం మీంచి దించాక తడిపి, నేల మీద లాగి పరుస్తారు. అట్లా పరిచారంటే తర్వాతి పని గంజి పట్టడమే. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, దంచి, ఉడకబెట్టి, ఆ గంజిని కుంచెతో పూసి, నేత బిగిసేదాకా చేత్తో రుద్దుతారు. నేను పరిచిపోయిన స్కార్ఫు ఆమె కళ్ళకు గంజి లేక సగంలో ఆగిన గొంగడి మాదిరి కనిపించింది. ఆసుపత్రికి పోయిన కోడలి పని చెడిపోకూడదని, నేను గడప దాటింది మొదలు ఆమె కూర్చోలేదు. వేడి వేడి గంజి పూసి, జాలీ మూసుకుపోయేదాకా రుద్దింది.

చౌడిని పడుకోబెట్టి వచ్చి, బాగుందత్తా అన్నాను.

ఆమె అటు పోగానే గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాను. గంజి జిగురు జిగురుగా దిగింది. దానితోపాటే ఎర్రరంగూ దిగి తెల్ల ఊలు మీద పాకింది. వేడికీ రుద్దుడికీ ఊలు పోగులు ఒకదాన్నొకటి పట్టేసుకుని బొంత మాదిరి అయింది. సూది మొనతో ఒక తూటు విప్పబోతే దారం తెగింది. ఇంక ముట్టుకోలేదు.

తిప్పేష్ వచ్చి చూశాడు. విషయం తెలిసేసరికి, "ఏమ్మా నువ్వు," అంటూ వాళ్ళమ్మ మీదకు పోబోయాడు. చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాగాను.

"ఆమెకి చెప్పాకు. పని రాకపోతే బిడ్డను పెట్టి పోవాల్సింది ఆ చేతుల్లోనే."



సోమవారం ఆ స్కార్ఫునే తీసుకుని పోయాను. ఇంకోటి అల్లే వ్యవధి యాడిది? కొట్టు తరఫున వచ్చిన ఆయన ఒక్కొక్కరి పనీ కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూశాడు. మిగతావాళ్ళ జాలీల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా ఆయన చొక్కా మీద పడింది. నాది పట్టుకున్నప్పుడు ఏమీ పడలేదు. మడిచి బల్ల మీద పెట్టాడు. ఇంద్రాణి మేడమ్ ముఖం పాలిపోయింది. ఇది అల్లుతున్నప్పుడు నేను చూశానండీ, ఈ అమ్మాయి చెయ్యి చాలా మంచిది అని నా తరఫున చెప్పింది. ఆయన కసురుకోలేదు. మీరు చెబితే నమ్ముతాను, కానీ పైవాళ్ళకు చూపించడానికి నా చేతిలో వస్తువు ఉండాలి కదా అన్నాడు. మళ్ళీ చలికాలం ముగిశాక వస్తామన్నారు.

ఏమయింది జయంతీ అని మేడమ్ నన్ను పక్కకు పిలిచి అడిగింది. సిద్దమ్మ చుట్టాలమ్మాయి అక్కడే ఉంది. నేను ఏమన్నా అది సాయంత్రానికి మా ఊరు చేరుతుంది.

"నేనే చెడగొట్టుకున్నా మేడమ్. ఉతికేది తెలీక."

ఇంటికి రాగానే అత్త ఎదురొచ్చింది. వాళ్ళకు నచ్చలేదత్తా అని చెప్పాను. ఆమె చాలాసేపు ఆ కొట్టువాళ్ళను తిట్టింది. అంత గట్టి పని వాళ్ళ జన్మలో చూసుండరని, కళ్ళు లేని కబోదులని తిట్టింది. తర్వాత గొంతు తగ్గించి, నువ్వేం దిగులు పడొద్దు, బిడ్డను నా కడుపులో పెట్టుకుని చూసుకుంటా అంది. ఆ మాటలో రవ్వంత అబద్ధం లేదు. నా భయమంతా అందుకే.

బుధవారం ఆమెను కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. మందు సీసా ఇది, ఈ చెంచా. పిల్లను పడుకోబెట్టకుండా భుజాన నిలబెట్టి ఎత్తుకోవాలి. కట్టెల పొయ్యి దగ్గరికి రానీయకూడదు. ఊళ్ళో ఫోను ఉన్న బయ్యన్న ఇంట్లో జీపు కూడా ఉంది, బస్సు లేకపోతే ఆయన్ను అడగాలి. ఆమె చిన్నపిల్ల పాఠం అప్పగించినట్టు ఒక్కొక్కటీ తిరిగి చెప్పింది. ఒక్కటీ మర్చిపోలేదు. అప్పుడు నోట్లో నలుగుతున్న మాట బయటపెట్టాను.

"వాతలు మాత్రం పెట్టాకు అత్తా."

మంద వెంట తిరిగిన మా ఇళ్ళల్లో పసిపిల్లకు డొక్కలు ఎగిరితే పసుపుకొమ్ము కాల్చి పొట్ట మీద వాతలు పెడతారు. గొర్రెకు జబ్బు చేసినా అదే, బిడ్డకు జబ్బు చేసినా అదే. తిప్పేష్ పొట్ట మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

అత్త మందు సీసాను గూట్లో పెట్టి నా వైపు తిరిగింది.

"మందు పడతా. బస్సుకు పోతా. బయ్యన్న కాళ్ళు పట్టుకుంటా. అప్పుడు గూడా తగ్గకపోతే?"

నేను చౌడిని దగ్గరికి లాక్కున్నాను.

"తిప్పేష్‌కి ఊపిరి నిలిచిపోతాంటే మీ మామ మంద యెంట యాడనో ఉండాడు. ఎవురినడగాల? కాల్చినా. ఏడ్చుకుంటానే కాల్చినా. బతికినాడు, నీ ముందరే ఉండాడు కదా మే."

"పెట్టనని ఒట్టు పెట్టత్తా. చౌడి మీద పెట్టు."

"ఒట్టు పెట్టను. బిడ్డ ఊపిరి ఆగిపోతాంటే ఒట్టు చూసుకుంటా కూర్చుండేదాన్ని కాదు నేను."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక అబద్ధపు ఒట్టు పెట్టి ఉంటే నా ప్రాణం కాస్త కుదుటపడేది. కానీ ఆమెకు అబద్ధం చేతకాదు. మూడు రోజుల ముందు తిప్పేష్‌ను ఆపిన నేను, ఇప్పుడైనా చెప్పేద్దామా అనుకున్నాను. నీకు తెలిసిన పని చేసే నా స్కార్ఫును చంపినావత్తా, నా బిడ్డను అట్లా చేయొద్దు అని. పెదాల దాకా వచ్చింది. చెబితే ఆమె కుమిలిపోతుంది. అట్లా కుమిలిపోయిన మనిషి చేతుల్లో బిడ్డను పెట్టి ఎట్లా పోను? మాట మింగేశాను.

గురువారం పొద్దున లారీ ఊరి బయట ఆగింది. అత్త పిల్లను చంకనేసుకుని వచ్చింది. పిల్ల రొమ్ముకు ఆ స్కార్ఫును అడ్డంగా చుట్టి, గాలి దూరకుండా ముడి వేసింది. మేము చేనికి పోతున్నామనుకుంది చౌడి. లారీ ఎక్కుతున్న నన్ను చూసి, "అమ్మా, కాయలు తే," అంది. తెస్తాను అన్నాను. చేలో ఏముందని? లారీ కదిలేటప్పుడు కూడా పిల్ల ఏడవలేదు. అట్లా ఏడవకుండా ఉండటమే మంచిదని, ఏడిస్తే ఎగపోత వస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. జోడీలందరూ మూటల మీద సర్దుకుని కూర్చున్నారు. నేను వెనక తలుపు పట్టుకుని, ఊరు కనబడనంత దూరం పోయాక కూడా నిలబడే ఉన్నాను.

సోమందేపల్లె దగ్గర హైవే మీద టీకి ఆపారు. రోడ్డు పక్కన ఫోను బూత్ కనిపించింది. తిప్పేష్‌కు చెప్పకుండానే దిగి పోయి, బయ్యన్న ఇంటికి కలిపించాను. ఆయన భార్య రామలక్ష్మమ్మ ఎత్తింది. పొద్దున్నే కదమ్మా పోయినారు, అప్పుడే ఏమని ఫోను అని నవ్వి, లైన్లో ఉండు, మీ అత్తను పిలిపిస్తా అని రిసీవరు పక్కన పెట్టింది.

ఆ ఇంటి చప్పుళ్ళన్నీ నా చెవిలో పడుతున్నాయి. ఎవరో గిన్నెలు సర్దుతున్నారు. కోడి అరిచింది. బయట కుళ్లాయప్ప హారను కొట్టించాడు. అందరూ లారీ ఎక్కుతున్నారు. తిప్పేష్ బూత్ తలుపు దగ్గరికి వచ్చి, నా ముఖం చూసి నిలబడ్డాడు. హారను మళ్ళీ మోగింది.

అప్పుడు ఫోనులో దూరంగా పసిపిల్ల దగ్గు వినిపించింది. మా చౌడిదే అనుకున్నాను. మరుక్షణం ఆ ఇంట్లోనూ చిన్నపిల్లలు ఉన్నారని గుర్తొచ్చింది. అత్తా అని పిలిచాను. చౌడీ అని పిలిచాను. దగ్గు ఆగింది. ఎవరివో కాళ్ళ చప్పుళ్ళు దగ్గరికి వచ్చినట్టే వచ్చి, ఎటో పోయాయి.

"పోదాం రా," అని తిప్పేష్ నా చేతిలోంచి రిసీవరు మెల్లగా తీసుకున్నాడు. ఒక్క నిమిషం తన చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత పెట్టేశాడు.